నీళ్ల మీద ఉన్నవాడి పేరు

కామాక్షయ్య అయ్యవారికి సముద్రమంటే భయం. ఆ సంగతి మా పాళెం పిల్లలందరికీ తెలుసు. ఆయన మాత్రం అది ఎవరికీ తెలియదనుకునేవారు. బడి తలుపు తూర్పుకు ఉండేది. ఆయన తన కుర్చీని సముద్రానికి వీపు చూపించేలా వేసుకునేవారు. పెద్ద అల విరిగిన చప్పుడు వస్తే చేతిలో సుద్దముక్క కాసేపు ఆగేది, మళ్లీ కదిలేది.

ఆయనది కోవూరు అవతల వరిమళ్ల ఊరు. బోగోలుకు తూర్పున ఒడ్డు మీదున్న మా జాలరి పాళేనికి బడి మంజూరైంది 1958లో. ఒకే గది, ఒకే అయ్యవారు, ఒకే నల్లబల్ల. బడి వెనక చిన్న వంటసాయబానులో ఆయన కాపురం. శనివారం మధ్యాహ్నం ఊరికి పోయి, సోమవారం పొద్దునే బిట్రగుంట స్టేషన్లో దిగి నడిచి వచ్చేవారు. వచ్చేటప్పుడు చేతిసంచిలో బియ్యం, చంకలో పాత పత్రికలు ఉండేవి.

వాచకాలు ఏ సంవత్సరమూ సమయానికి వచ్చేవి కావు. రెండు నెలలు చూసి, ఆయన పుస్తకం లేకుండానే చదువు చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున ప్రార్థన కాగానే ఒక్కొక్కరూ లేచి ఇంటి కబురు ఒకటి చెప్పాలి. ఆయన దాన్ని నల్లబల్ల మీద రాస్తారు. ఆ రోజుకు అదే మా పాఠం. "మస్తానయ్య ఇంట్లో మేక ఈనింది." "నాగులమ్మ అత్త చెల్లెలికి ఆడబిడ్డ పుట్టింది." "అవ్వ నిన్న కోపంతో అన్నం తినలేదు." పెద్ద తరగతి వాళ్లు చూసి రాసుకునేవారు, చిన్నవాళ్లు ఇసుకలో దిద్దేవారు. మేకకు ఎన్ని పిల్లలో గవ్వలతో లెక్కపెట్టించేవారు. మా ఇళ్లలో జరిగేది రాయదగ్గ సంగతి అని ఆ బల్ల మీద చూసే వరకు మాకు తెలియదు.

ఆయన పోయి ఈ నెలకు ఏడాది. అంతకు ముందే మా అమ్మ పోయింది. ఇప్పుడు చెప్పబోయే వారం సంగతి మొత్తం తెలిసినవాళ్లలో నేనే మిగిలాను.

1961 కార్తీకంలో, ఒక సోమవారం. నాకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బల్ల తుడిచే పని ఆ నెల నాది. ముందురోజే మా నాయన మునెయ్య కొత్త వల కట్టడం ముగించాడు. మూడు నెలలు కూర్చుని అల్లిన వల అది. ఆ రోజు చీకటుండగానే ముత్యాలయ్య మామనూ, ఇంకొకాయననూ తోడు తీసుకుని తెప్ప దించాడు. నా వంతు రాగానే లేచి నిలబడి గొంతెత్తి చెప్పాను.

"మా నాయన కొత్త వల ఏసుకోని తూర్పుకు పోయినాడు."

గది నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో మస్తానయ్య నోరు తెరిచి నా వైపు చూశాడు. మా పాళెంలో మగవాడు నీళ్లలో దిగితే ఎక్కడికి పోయాడని ఎవరూ అడగరు. ఎవరైనా మరిచి అడిగినా ఇంట్లోవాళ్లు బదులు చెప్పరు. తిరిగి వచ్చేదాకా అతని పేరెత్తరు. ఈ సంగతి ఎవరూ మాకు నేర్పలేదు, మాట వచ్చినప్పుడే వచ్చింది. అందుకే మూడేళ్లుగా మా కబుర్లన్నీ మేకలూ అవ్వలూ పసిబిడ్డలే. నాకూ తెలుసు. కానీ ఆ కొత్త వల చూసుకుని ఉండబట్టలేకపోయాను.

అయ్యవారు మా నిశ్శబ్దాన్ని శ్రద్ధ అనుకున్నారు. వరిపొలాల మనిషికి, నాయన ఎటు పోయాడో బిడ్డ చెప్పడంలో తప్పేముంది? "మునెయ్య కొత్త వలతో తూర్పుకు పోయాడు" అని గుండ్రంగా రాశారు. నాతోనే ముందు చదివించారు. సాయంత్రం గంట కొట్టాక నేను గుడ్డ తడుపుకొని వచ్చి బల్లంతా శుభ్రంగా తుడిచాను.

పొద్దువాలే వేళకు గాలి తిరిగింది. మిగిలిన తెప్పలు ఒకదాని వెంట ఒకటి ఒడ్డెక్కాయి. నాయన తెప్ప రాలేదు. అమ్మ అంకాలమ్మ ఇసుకలో నిలబడి ఉంది. ఆమె పక్కన మా ముసలమ్మ అవ్వ, నాయనను కన్నతల్లి, కూర్చుని ఉంది. దిగులు పడకుండా ఉండాలనేమో, అవ్వ నన్ను మాటల్లో పెట్టింది.

"ఈ పొద్దు బళ్లో ఏం జెప్పినాడు మే, మీ అయివోరు?"

"నాయన పేరు రాసినాం అవ్వా. అందరూ చదివినారు. నేనే ముందు."

"పేరు రాసినారా?" అవ్వ గొంతు తగ్గింది. "ఇప్పుడుండాదా ఆ పేరు?"

"లేదు. తుడిచేసినా."

"దేంతో?"

"తడిగుడ్డతో."

అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. అది ఇంకా భయమేసింది. నేనే నాయనను తుడిచేశానని ఆ క్షణాన నా తలలో పడింది, ఇక పోలేదు.

మంగళవారం పొద్దునకీ రాలేదు. ఆ గాలిలో ఏ తెప్పా నీళ్లలో దిగే వీలు లేదు. నలుగురు మగవాళ్లు ఒడ్డు వెంట దక్షిణంగా ఉప్పుటేటి దాకా పోయారు. ఇటు ఆడవాళ్లు పది పన్నెండు మంది బడికి వచ్చారు. ముందు అమ్మ ఉంది.

"అయివోరా, బయటికి రా."

ఆయన సుద్దముక్కతోనే వచ్చారు. "ఏందమ్మా? మునెయ్య వచ్చినాడా?"

"యెట్టొస్తాడు? నీళ్ల మీదుండే మనిషి పేరు రాసి, తడిగుడ్డ పెట్టి తుడిపిస్తివి గదా. అదీ నా బిడ్డ చేత్తోనే."

ఆయనకు అర్థం కాలేదు. నాగులమ్మ అత్త అందుకుంది. "మీ వరిమళ్లల్లో మనిషి పొద్దున పోతే మాపటికి గట్టు మీద నడిచొస్తాడు. మావోళ్లకి గట్టు యాడుండాది సామీ? అందుకే మేం పేరెత్తం, యాడికనం. మూడేండ్ల నుంచి ఈడ ఉప్పుగాలి తింటా ఉండావు, ఆ మాత్రం తెలవదా?"

"యాడికి పోయినాడని పిలకాయల్ని అడిగింది నువ్వేనా?" అంది అమ్మ.

ఆయన గదిలోకి చూశారు. నేను మస్తానయ్య వెనక దాక్కుని ఉన్నాను. నా మొహంలో ఏం కనబడిందో.

"నేనే అడిగినానమ్మా" అన్నారు. "పసిపిల్ల, దానికేం తెలుసు? తప్పు నాది."

"పదండి పిలకాయలూ, ఇండ్లకి" అంది అమ్మ. "ఈ బడీ వొద్దు, ఈ రాతలూ వొద్దు."

ముప్పై మందిమి పలకలు తీసుకుని బయటికొచ్చాం. మగపిల్లలు కొందరు సెలవు దొరికిందని పరుగెత్తారు. అయ్యవారు ఖాళీ గదికి తాళం వేసి, ఒడ్డు మీద కూర్చున్న అవ్వ దగ్గరికి వచ్చారు. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"అవ్వా, ఈ గాలికి తెప్ప కొట్టుకుపోతే ఎటు పోతుంది?"

"దక్షిణానికి. ఈ నెలలో ఏదైనా దక్షిణానికే."

ఆయన తల ఊపి, చెప్పులు చేతిలోకి తీసుకుని, ఒడ్డు వెంట నడక మొదలుపెట్టారు. అలలు తగలకుండా ఇసుక మెట్ట మీదనే నడిచారు. అవ్వ ఎక్కడికని అడగలేదు. నా వైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది. పోయేవాడి సంగతి చెప్పకూడదు కదా. అందుకే మరునాడు బడి తాళం చూసి పాళెమంతా "పారిపోయినాడు" అంటున్నా, మేమిద్దరం నోరు విప్పలేదు.

ఉప్పుటేటి దాకా పోయినవాళ్లు ఏ కబురూ లేక తిరిగొచ్చారు. బుధవారం గడిచింది. అమ్మ పొయ్యి వెలిగించలేదు. నాగులమ్మ అత్త తెచ్చిన సంగటి మా చిన్న తమ్ముడు పోలేరయ్య ఒక్కడే తిన్నాడు. అమ్మ నాతో మాట్లాడింది, తల దువ్వింది, తిట్టలేదు. నేను మాత్రం ఆమె చెయ్యి తగిలినప్పుడల్లా ముడుచుకుపోయేదాన్ని. తడిగుడ్డ పిండిన నా చేతులు నాకే పరాయివిగా ఉండేవి.

గురువారం ఎండ కాసింది. గాలి పడిపోయింది. ఆడవాళ్లంతా ఒడ్డు మీద చేరి నీళ్లనే చూస్తున్నాం. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏంది మే, అందరూ ఎవురి కోసం చూస్తుండారు?"

మా నాయన. పెదాలు పగిలి, కళ్లు ఎర్రబడి, భుజాన తెరచాప గుడ్డతో నిలబడి ఉన్నాడు. ముత్యాలయ్య మామా, ఆ రెండో ఆయనా పక్కనే ఉన్నారు. ముగ్గురూ బిట్రగుంట దారిన నడిచి వచ్చారు.

అమ్మ ఒంగి గుప్పెడు ఇసుక తీసి ఆయన మీదికి విసిరింది. "ఎనక నుంచొస్తావా? మనిషి ఎనక నుంచొస్తాడా?" అంటూ అక్కడే కూలబడి ఏడ్చింది. మూడు రోజులుగా ఆమె ఏడవలేదు. నేను నాయన కాళ్లు చుట్టుకున్నాను. అవి ఉప్పుతో గరగరలాడుతున్నాయి. నా గుండె మీద నుంచి ఒక బండ దిగిపోయింది.

గాలి వాళ్లను పెన్న సముద్రంలో కలిసే చోటుకు ఇవతలి ఒడ్డున విసిరేసిందట. అక్కడి పాళెం వాళ్లు నీళ్లిచ్చి, గంజి పోసి, ఒక రోజు పడుకోబెట్టారట. తెప్పనూ కొత్త వలనూ అక్కడే భద్రపరిచి, బండి మీద నెల్లూరుకు పంపి, రైలు కూడా ఎక్కించారట.

"మమ్మల్ని ఎవురన్నా ఎతికినారా?" అన్నాడు నాయన, నీళ్లు తాగుతూ.

"అయివోరు" అంది అవ్వ, ఇక దాచలేక. "మంగళారం పోయినాడు, దక్షిణానికి. ఒడ్డెంబడి."

నాయన పెద్దగా నవ్వాడు. "ఆయప్పా! అల జూస్తే పంచె పైకి పట్టుకునే మనిషి!" ఉన్నట్టుండి నవ్వు ఆపాడు. "ఉప్పుటేర్లు రెండుండాయి గదే. ఆయనకి ఈత రాదు."

అమ్మ మొహం మళ్లీ మారింది. ఈసారి దక్షిణం వైపు తిరిగి కూర్చుంది. బడి ఎత్తేయమన్న ఆడవాళ్లే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఎవరూ అయ్యవారి పేరెత్తలేదు. ఎక్కడున్నాడో అనలేదు. ఆయన కూడా నీళ్ల మీద ఉన్నవాళ్ల లెక్కలో చేరిపోయాడు.

శుక్రవారం పొద్దు కుంకకముందే, దూరంగా ఇసుక మెట్ట మీద ఒక తెల్ల పంచె కనబడింది. నాయన పరుగెత్తాడు. దాదాపు మోసుకొచ్చాడు. అయ్యవారి కాళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ముక్కు ఎండకు తోలు ఊడింది. ఆయన మా నాయన మొహాన్నే చూస్తున్నారు, కళ్లనిండా నీళ్లతో.

"నీ తెప్ప చూసినాను మునెయ్యా. నిన్న పొద్దున. ముందు రాత్రే బండెక్కినారన్నారు. రైల్లో వచ్చినావా?"

"రైల్లోనే సామీ."

"నేను నడిచినాను."

"ఉప్పుటేర్లు యెట్ట దాటినావయ్యా?"

"ఒక్కో ఏటి దగ్గర ఒక్కో పెద్దాయన భుజాన ఎక్కించుకున్నాడు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కళ్లు మూసుకున్నాను."

ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నాగులమ్మ అత్త ఆపుకోలేక నవ్వేసింది. అయ్యవారూ నవ్వారు. ఆ రాత్రి మా ఇంట్లో ఆయనకు అమ్మే గంజి కాచి పోసింది.

సోమవారం బడికి పోయింది పదకొండు మందిమే. ప్రార్థన అవుతుండగా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అయ్యవారు కుర్చీ నుంచి లేచారు.

"కూసో సామీ" అంది. "కొట్లాటకి రాలా."

"నువ్వే కూర్చో అంకాలమ్మా. నీతో పనుంది. ఏమేం రాయకూడదో, ఏమేం అడక్కూడదో చెప్పు. వ్రాసుకుంటాను."

ఆమె గడప మీదనే కూర్చుంది. మొదట సిగ్గుపడింది. తరవాత ఒక్కొక్కటే చెప్పింది. నీళ్లలో దిగినవాడి సంగతి తిరిగొచ్చాకనే చెప్పాలి. వల మొదటిసారి తడవక ముందు దాని గొప్ప చెప్పుకోకూడదు. అయ్యవారు తలవంచుకుని నోటుబుక్కులో రాసుకున్నారు. మధ్యలో ఒకటి రెండుసార్లు "మళ్లీ చెప్పమ్మా" అన్నారు. ఇక దాచింది చాలనిపించింది నాకు. లేచి నిలబడ్డాను.

"అమ్మా, అయివోరు అడగలా. నేనే జెప్పినా."

అమ్మ నన్ను చూసింది, ఆయన్ను చూసింది.

"తెలుసులే మే" అంది. "నీ నోరు నాకు తెలవదా? వల అల్లినన్నాళ్లూ వీధంతా డప్పు కొట్టింది నువ్వే గదా."

పిల్లలంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"మరి ఈ పొద్దు కబురు ఎవరు చెప్తారు?" అన్నారు అయ్యవారు.

"నేను జెప్తా" అంది అమ్మ, గడప మీద నుంచే. "మా ఇంటాయన వొచ్చినాడు. ఆయనతో పోయినోళ్లూ వొచ్చినారు. ఇంక బువ్వ తింటుండాం."

ఆయన రాశారు. మొగుడి పేరు ఆమె నోటితో పలకదు కాబట్టి ఆ పేరు ఆయనే రాశారు. పదకొండు మందిమీ గట్టిగా చదివాం. అమ్మ లేచి బల్ల దాకా వచ్చి, "ఏది మే ఆయన పేరు?" అని అడిగింది. చూపించాను. సుద్ద చెరగకుండా వేలు కాస్త దూరంగా పెట్టి, ఆ మూడక్షరాల పొడవునా గాలిలో గీసింది.

తరవాత బయటికి పోయి, నాగులమ్మ అత్త గుడిసె వైపు కేకేసింది.

"ఒమే నాగులమ్మా! పిలకాయల్ని ఇంట్లో పెట్టుకోని ఏం జేస్తుండావు? అంపించు!"