నాలుగు గోడల దేవేందర్

ఎండాకాలంలో గాజులరామారంలో కరెంటు పోతే వీధి వీధంతా డాబాల మీదికి ఎక్కుతుంది. చాపలు, దిండ్లు, నీళ్ల సీసాలు, ఏడ్చే పసిపిల్లలు, అన్నీ మెట్లెక్కి పైకి పోతాయి. దేవేందర్ మాత్రం గదిలోనే ఉంటాడు. తలుపుకు గడియ పెట్టుకుని, అట్టముక్కతో విసురుకుంటూ, చెమటతో ముద్దయిపోయి, కరెంటు వాళ్లను తిట్టుకుంటూ పడుకుంటాడు. పైనుంచి భార్య భవిత పిలుస్తుంది.

“సల్లగ గాలొస్తాంది, పైకి రారాదు.”

“నాకొద్దు గాలి. నా ఇంట్ల నేనుంట.”

ఇరుగుపొరుగు వాళ్లు దీన్ని మొండితనం అంటారు. మొండితనమే, కాదనడానికి లేదు. అయితే అది ఊరికే వచ్చింది కాదు.

దేవేందర్ తండ్రి వెంకటనర్సయ్యకు శామీర్‌పేట అవతల ఒక ఊళ్లో గొర్ల మంద ఉండేది. కోతలు అయిపోయాక రైతులు తమ పొలంలో మంద పెట్టమని పిలిచేవాళ్లు. రాత్రంతా జీవాలు అక్కడ పడుకుంటే నేలకు ఎరువు. మందతో పాటు కాపరి కూడా ఆ పొలంలోనే పడుకోవాలి. బడికి సెలవులు ఇవ్వగానే వెంకటనర్సయ్య కొడుకును వెంటబెట్టుకుని పోయేవాడు. తోటి పిల్లలు మేడ్చల్‌లో మేనమామల ఇళ్లకు పోయి ఐస్‌క్రీములు తింటుంటే, దేవేందర్ దున్నిన మట్టిగడ్డల మీద గొంగడి పరుచుకుని పడుకునేవాడు. గాలివాన వస్తే తల దాచుకోవడానికి చెట్టు కూడా ఉండేది కాదు. తడిసిన గొంగడి బరువూ, దాని వాసనా అతను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకసారి తేలు కుట్టింది. బడి తెరిచాక పక్కన కూర్చున్న పిల్లవాడు ముక్కు మూసుకుని బెంచీ మారాడు.

ఐటీఐ చదివి, తుర్కపల్లిలో ఒక ల్యాబులో ఏసీలు, చల్లగదులు చూసుకునే పనిలో చేరాక దేవేందర్ మొదట చేసింది ఇల్లు కట్టుకోవడం. గోడలకు ప్లాస్టరింగ్ కూడా కాకముందే, తలుపులు బిగించిన రోజే పోయి అందులో పడుకున్నాడు. ఇక బతికినన్నాళ్లూ ఆకాశం కింద పడుకునేది లేదని అనుకున్నాడు.

భవిత పుట్టింది, పెరిగింది గాజులరామారంలోనే. తండ్రి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిరాయికి ఉన్న ఒక్క గదికి ఒక్క కిటికీ. అది తెరిస్తే పక్కింటి గోడ. డాబా ఉండేది కానీ దానికి ఇంటి ఓనరు తాళం వేసి ఉంచేవాడు. నక్షత్రాలు చూడాలంటే వీధిలోకి వచ్చి కరెంటు తీగల మధ్య నుంచి చూసుకోవాల్సిందే. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో టీచరు. సెలవు రోజు ఫోను పట్టుకుని కొండల మీద గుడారాలు, చెరువుల పక్కన గుడారాలు చూస్తూ కూర్చుంటుంది. ఒక రోజు ఆ ఫోను మొగుడి ముఖం ముందు పెట్టింది.

“శామీర్‌పేట కాన్నే ఉన్నదట. టెంటు వాళ్లే ఇస్తరు, బువ్వ వాళ్లే పెడ్తరు. ఒక్క రాత్రి పోయొద్దాం.”

“పైసలిచ్చి పొలంల పండుడేంది? నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా?”

“నువ్వు కడుపునిండ తిని చెయ్యి కడుక్కున్నవ్. మేము వాసన గూడ సూడలే. మాకెట్ల తెలుస్తది?”

ఆ మాటకు దేవేందర్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలో రెండు వారాలు గడిపాడు. ఈలోగా భవిత టెంట్లు బుక్ చేసింది. టెంట్ల సంగతి అప్పటికే బడిలో అందరికీ చెప్పుకున్న కూతురు శృతిని చూపించి, “పిల్ల మనసు ఇరగ్గొడ్తవా?” అంది. అది చాలదన్నట్టు ఊళ్లో ఉన్న అత్తామామలకు ఫోన్ చేసి రమ్మంది. వెంకటనర్సయ్య వెంటనే సరేనన్నాడు. మంద అమ్మేసి చాలా ఏళ్లయింది. మేపే బీళ్లన్నీ వెంచర్లయి, వాటి చుట్టూ గోడలు లేచాయి. అప్పటినుంచి ఆయనకు ఊళ్లో తోచడం లేదు. అత్త దుర్గాబాయి గురించి అడిగితే, “ఆమెకెందుకు, ఇల్లెవలు సూస్తరు?” అని ఆయనే చెప్పేశాడు.

శనివారం మధ్యాహ్నం సెకండ్ హ్యాండ్ కారులో బయలుదేరారు. ముందు ఊరి దాకా పోయి తండ్రిని ఎక్కించుకున్నారు. ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని, భుజాన పాత గొంగడి వేసుకుని, చేతిలో జొన్నరొట్టెల మూటతో రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఆ గొంగడిని చూడగానే దేవేందర్‌కు ఒళ్లు మండింది.

“అది ఎందుకు నాయినా?”

“సలి పెడ్తది గద.”

“వాళ్లే బ్లాంకెట్లు ఇస్తరు.”

“వాళ్లది వాళ్లు ఇయ్యనీ. నాది నాకుండనీ.”

క్యాంపు గేటు దగ్గర వీరేందర్ అనే మేనేజరు అందరి చేతులకూ కాగితపు పట్టీలు అంటించాడు. మూట చూసి, “బయటి తిండి లోపల్కి ఒద్దు తాతా, రూల్,” అన్నాడు. వెంకటనర్సయ్య ఒక రొట్టె తీసి అతని చేతిలో పెట్టి, మూట చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. వీరేందర్ రొట్టె పట్టుకుని నిలబడిపోయాడు.

లోపల పచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి, దాని మీద నీలం, నారింజ రంగు గుడారాలు వరసగా వేశారు. చెట్లకు బల్బుల దండలు. ఒక మూల స్పీకర్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి. ఇంత దూరం వచ్చి ఈ మోత వినడమెందుకు, ఇంటి పక్కన ఫంక్షన్ హాల్ ఉందిగా అనుకున్నాడు దేవేందర్. గుడారంలో దూరడానికి నడుము వంచాడు, పట్టేసింది. జిప్పు సగంలో ఇరుక్కుని పైకీ రాలేదు, కిందికీ పోలేదు. పరుపు కింద సరిగ్గా వీపు తగిలే చోట రాయి. బాత్‌రూమ్ ముందు బారు. దోమలు. చీకటి పడేసరికి గాలి జవహర్‌నగర్ చెత్త డంపింగు యార్డు దిక్కు నుంచి తిరిగి, సన్నగా దాని వాసన మోసుకొచ్చింది.

“ఇగో, నీ స్వచ్ఛమైన గాలి,” అన్నాడు భార్యతో.

భవిత వినిపించుకోలేదు. చెప్పులు విడిచి, ప్లాస్టిక్ గడ్డి అయిపోయిన చోట అసలు మట్టి మీద కాళ్లు చాపుకుని, వెనక్కి వాలి పైకి చూస్తోంది. పెళ్లయ్యాక ఆమె అంత తీరిగ్గా కూర్చోవడం దేవేందర్ ఎప్పుడూ చూడలేదు. చూసి సంతోషపడాల్సింది. కానీ అప్పటికే వీపు నొప్పిగా ఉంది.

మంట చుట్టూ జనం చేరారు. ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్లు కొందరు వెంకటనర్సయ్య గొంగడి చూసి ముచ్చటపడి, ఒకరి తర్వాత ఒకరు భుజాన వేసుకుని ఫోటోలు దిగారు. ఆయన వాళ్లకు గొంగడి ఎలా కప్పుకోవాలో, తలమీదికి ఎలా లాగాలో చూపించాడు. శృతి తాత ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. ముసలాయన ముఖం మంట వెలుగులో మెరిసిపోతోంది. చిన్నప్పుడు దేవేందర్ దేన్ని భుజాన వేసుకుని ఏడ్చాడో దాన్నే వీళ్లు నవ్వుతూ వేసుకుంటున్నారు. అది అతనికి మింగుడు పడలేదు.

కుర్రాళ్లు పోయాక వెంకటనర్సయ్య కొడుకు వైపు తిరిగాడు.

“గా రోజులు యాదికొస్తానయి రా. మనిద్దరం మంద కాడ పండుకుంటుంటిమి. ఎంత మంచిగుండె.”

“ఎవలికి మంచిగుండె?”

“ఎవలికేంది, మనకు.”

“నాకు లేకుండె నాయినా. నాకెన్నడు మంచిగ లేకుండె. వానల తడిస్తె వణుకు పుడుతుండె. తేలు కుట్టినంక నేల మీద కాలు పెట్టాలంటె భయమయ్యేది. సెలవులొస్తానయంటె నాకు దుఃఖమొచ్చేది.”

వెంకటనర్సయ్య ఒక పుల్ల తీసి మంటలోకి తోశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“బడిల కూసోని కూసోని పోరడు వాడిపోతుండు, జర గాలి తగలాలె అని తోల్కపోతుంటి. నాకు గింత తోడైతదని గూడ. నీకు మనసున పట్టలేదని ఎన్నడు జెప్పలే.”

“చెప్తె ఇంటుంటివా?”

ముసలాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించి చెప్పాడు.

“ఇనకపోతుంటి.”

ఆయన దబాయించి ఉంటే దేవేందర్ కూడా నాలుగు మాటలు అని తేలికపడేవాడు. అంత సూటిగా ఒప్పుకునేసరికి ఏం చేయాలో తెలియక లేచి నిలబడి, వీరేందర్‌ను పిలిచి జిప్పు సంగతి, రాయి సంగతి, స్పీకర్ల సంగతి గట్టిగా అడగడం మొదలుపెట్టాడు. పక్క గుడారాల వాళ్లు తలలు బయటపెట్టి చూశారు. భవిత వచ్చి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఇంటికి పో.”

“ఏంది?”

“కోపంతోని అంటలేను. నిజంగ పో. నీకు ఈడ మంచిగ లేదు. నువ్వు మంచిగ లేకుంటె మాకు గూడ మంచిగ ఉండదు. పొద్దున వచ్చి తీస్కపో.”

అంత చక్కటి మాట ఆ రోజంతటిలో ఎవరూ అనలేదని దేవేందర్‌కు అనిపించింది. కారు తీశాడు. హైవే ఎక్కి, రింగురోడ్డు దాకా వచ్చాక జేబు తడుముకున్నాడు. ఇంటి తాళంచెవి భవిత సంచిలో ఉంది. వెనక్కి పోయి అడిగితే ఆ కుర్రాళ్ల ముందు, వీరేందర్ ముందు, తండ్రి ముందు మళ్లీ నిలబడాలి. అది జరిగే పని కాదు. స్టీరింగు మీద ఒక గుద్దు గుద్ది, కారు తిప్పి ఊరికి పోయాడు.

దుర్గాబాయి తలుపు తీసి, కొడుకు ముఖం చూసి కంచంలో అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. దేవేందర్ తింటూ జరిగిందంతా చెప్పుకున్నాడు. రాయి నుంచి మొదలుపెట్టి తండ్రి దాకా. తల్లి తన పక్షాన ఉంటుందని అతని నమ్మకం.

“మీ నాయిన ఇనడు. ఆయన గుణమే గంత,” అంది. తర్వాత, “నిన్నన్న తోల్కపోయిండు. నన్ను ఒక్కనాడన్న రమ్మన్నడా?” అంది.

దేవేందర్ ముద్ద నోటి దగ్గర ఆపాడు. “నీకెందుకమ్మా గా కష్టం?”

“కష్టమో సుఖమో సూస్తె గద తెలిసేది. మీకు బువ్వ గట్టి పంపుడు నా పని. మీరిద్దరు ఆడ ఒకలికొకలు తోడుంటిరి. నేనీడ ఒక్కదాన్ని. కుక్క మొరిగితె లేసి కూసునుడు, తలుపు సప్పుడైతె లేసి కూసునుడు. గీ గోడల నడ్మ నాకే భయమయ్యేది రా. నన్ను గూడ తీస్కపోన్రి అని ఎన్నోసార్లు నోటిదాక వచ్చేది.”

“మరెందుకు జెప్పలే?”

“చెప్తె ఇంటుండెనా?” అని కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఆ రాత్రి దేవేందర్ గడియ పెట్టిన గదిలో, ఫ్యాను కింద, తల్లి వేసిన మంచం మీద పడుకున్నాడు. కోరుకున్నవన్నీ ఉన్నాయి. అయినా నిద్ర తొందరగా రాలేదు. ఈ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ఎవరూ ఎవరినీ అడగరేమిటని చిరాకు పడుతూ ఎప్పుడో కన్ను మూశాడు.

పొద్దున క్యాంపుకు పోయేసరికి శృతి మట్టి కొట్టుకుపోయి, దోమకాట్లతో, సంతోషంగా ఉంది. భవిత జుట్టు రేగిపోయి ఉంది. వెంకటనర్సయ్య గొంగడి మడత పెట్టి కారు వెనక డిక్కీలో, కొడుక్కు కనబడకుండా అడుగున పెట్టాడు. దారి పొడుగునా ఆయన ఒకే ఒక్క మాటన్నాడు.

“టెంటుల నాకు గూడ ఊపిరాడలే. బయటనే పన్న.”

అది క్షమాపణో, ఫిర్యాదో దేవేందర్‌కు తెలియలేదు. “మంచిగ జేసినవ్,” అన్నాడు.

డిసెంబరులో భవిత మళ్లీ టెంట్ల మాట ఎత్తింది. ఈసారి దేవేందర్ గొడవపడలేదు. తానే తల్లికి ఫోన్ చేసి అడిగాడు. దుర్గాబాయి వద్దంది, నలుగురు నవ్వుతారంది, నడుము నొప్పంది, చివరికి ఏ చీర కట్టుకోవాలని కోడలిని అడిగింది. ఇల్లెవరు చూస్తారని వెంకటనర్సయ్య అనబోతే, “తాళమేస్తె సాలు. నువ్వు జర ఊకో నాయినా,” అన్నాడు దేవేందర్.

నలుగురినీ క్యాంపు గేటు దగ్గర దింపి, తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకుని, అతను గాజులరామారం వెళ్లిపోయాడు. స్నానం చేసి, వేడివేడి అన్నం తిని, తలుపు గడియ పెట్టుకుని ఇలా నడుం వాల్చాడో లేదో ఫోన్ మోగింది. దుర్గాబాయి.

“అరే దేవేందరూ, ఈడ ఆనుకుందామంటె గోడ లేదు. చికెన్ మాడవెట్టిండ్రు. గా పాట బందు చెయ్యమంటె చేస్తలేరు. మీ నాయిన అప్పుడే గురక పెడ్తుండు.”

దేవేందర్ లేచి కూర్చుని, చొక్కా కోసం చెయ్యి చాపాడు. “రావాల్నా? ఇంటికి తీస్కరావాల్నా నిన్ను?”

“నువ్వెందుకు? నేను ఊకెనే జెప్తున్న,” అంది దుర్గాబాయి విసుగ్గా. “సుక్కలైతె మస్తున్నయి ఈడ, ఫోన్ పెట్టేస్తున్న.”