చింతపండుతో తోమిన చక్రాలు

ఏలూరు పవర్‌పేటలో వేంకటాచలంగారి ఎర్ర కారు తెలియనివాళ్లు లేరు. పాత ఇటలీ కారు, ఉన్నవి రెండే సీట్లు. ఆ రెండో సీట్లో ఆయన భార్య బాలసరస్వతి ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా కూర్చున్నది లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్న సామెత తనను చూసే పుట్టిందని ఆవిడ నమ్మకం.

ఆవిడ కొల్లేటి లంకలో చిన్నపిల్లల టీచరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ చేపల బుట్టల మధ్య బస్సులో నిలబడి వెళ్లింది, నిలబడి వచ్చింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన ఆయనేమో తాడేపల్లిగూడెంలో ఓ రైసుమిల్లు షెడ్డులో ఈ కారును చూసి, మనసు పారేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆదివారం పూట వీధి చివరిదాకా వెళ్లి రావడమే దాని ప్రయాణం. "నన్నొకసారి మా బడి దాకా దిగబెట్టండీ" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "ఆ చక్రాలు ఈ రోడ్లకి ఆగవు సరస్వతీ."

ఆ చక్రాల పురాణం పాలవాడికి కూడా కంఠతా వచ్చు. ఇనుపవి కాకపోతే చాలు, జనం అన్నిటినీ ఒకే గాట కట్టి అల్లాయ్ అనేస్తారని ఆయనకు ఒళ్లుమంట. ఆ కారు కంపెనీ మొదట్లో చక్రాల్ని మెగ్నీషియంతో పోత పోసిందట. చాలా తేలిక, కానీ గుంతలో పడితే పగుళ్లు, చెమ్మ తగిలితే బూడిదలా పొడి రాలడం. తరవాత అవే అయిదు రేకులతో అల్యూమినియంవి దించారు. కాస్త బరువు, గట్టివి, అంత అపురూపం మాత్రం కాదు. పైకి రెండూ కవలపిల్లలే. "మనవి నాలుగూ మెగ్నీషియం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. అమ్మినవాడి నోటిమాట తప్ప దానికి ఆధారం లేదు. నడుంనొప్పి మనిషి కనుక ఒక్క చక్రాన్నీ ఎత్తి బరువు చూడలేదు. ఊరందరికీ పాఠం చెప్పినాయన ఇంట్లో ఆవిడకు చెప్పింది మాత్రం ఒక్కటే మాట: ముట్టుకోకు.

విజయదశమి నాడు ఆవిడ ముట్టుకుంది.

ఆ మధ్యాహ్నం లంకలో, తనతోపాటు పనిచేసిన పెర్సిస్ టీచరు కొత్తింట్లో ప్రార్థన. కారులో తీసుకెళ్లమని పొద్దున్నే అడిగింది. "బస్సుంది కదా" అని, ఆయన కారు పూజకు బంతిపూలు తేవడానికి బజారుకెళ్లారు. కారుకు పూజలూ పూలూ, తనకు బస్సూ! అయినా పండగ పనులు ఆగవు కదా. పూజాసామాన్లు తోమగా చింతపండు మిగిలింది. మాసినదాన్ని పూజలో పెట్టడం ఆవిడ పుట్టింట ఎరగరు. రంగు వెలిసిన ఆ చక్రాల్ని కూడా కొబ్బరిపీచుతో పరపరా తోమేసింది. మూడు తళతళలాడాయి. నాలుగోది బుస్సుమని నురగలు కక్కి, నల్లగా మాడిపోయింది.

పూలసంచీతో వచ్చిన ఆయన గుమ్మంలోనే కెవ్వుమన్నారు.

"ఏం చేశావ్! మెగ్నీషియాన్ని పులుపు తినేస్తుంది. ఆమాత్రం తెలీదూ?"

"పాలవాడికి చెప్పారు, కేబుల్ అబ్బాయికి చెప్పారు. నాకెప్పుడు చెప్పారండీ?"

"నాలుగూ నాశనం చేశావు కదే!"

"నాలుగెక్కడివి? సరిగ్గా చూడండి. నల్లబడింది ఒక్కటే. మిగతా మూడింటికీ అదే చింతపండు, అదే పీచు."

ఆయన పూలసంచీ పక్కన పడేశారు. గిన్నెలో మిగిలిన గుజ్జు తీసి, ఒక్కో చక్రానికీ స్వయంగా రాసి చూశారు. ఆ మూడూ ఇంకాస్త మెరిశాయంతే. మెట్టు మీద కూలబడ్డారు.

"ఇవి అల్యూమినియం... మోసపోయాను సరస్వతీ."

జాలిపడాల్సిన ఘడియే. ఆవిడకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే గట్టివేగా? ఇన్నాళ్లూ రోడ్డుకి ఆగేవేగా?"

"మూడు ఆగుతాయి. నాలుగోది..."

"డిక్కీలో స్టెప్నీ ఉంది కదండీ."

"అది ఇనుపది! వీటి పక్కన ఇనుప చక్రమేసుకుని ఊళ్లో తిరగమంటావా? చూసినవాళ్లు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నేను బస్సులో వేలాడినన్నాళ్లూ ఎవరూ ఏడవలేదుగా."

పంక్చర్ల షాపు జోగారావు వచ్చి చక్రం మార్చి వెళ్లాడు. పట్టుచీర కట్టుకుని, అరటిపళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని, బాలసరస్వతి రెండో సీట్లో కూర్చుంది. ఊరు దాటి చేపలచెరువుల గట్ల మధ్యకొచ్చాక కూడా ఆయన ప్రతి గుంతకూ ఊపిరి బిగపట్టారు. ఒక పెద్ద గుంత తప్పించలేకపోయారు. కారు ధడేల్‌మంది. బ్రేకు వేసి, దిగి, నాలుగు చక్రాలూ తడిమి చూసుకుని వచ్చారు.

"ఏమీ కాలేదు" అన్నారు తలొంచుకుని. "పాడు చక్రాలు! వీటివల్లేగా ఇన్నాళ్లూ నిన్ను..."

"వాటినెందుకు తిడతారు? పగిలేవే అయినా, నాకోసం ఒక్కసారికి పగలనివ్వాల్సింది. నన్ను బస్సులో నిలబెట్టింది అవి కాదండీ. మీరు."

ఆయన కారు కదిపారు.