మా చర్చి వీడియోకు ఇల్లు వెతికిన వైనం

ఆ రోజుల్లో, అంటే నేను మంచి వయసులో ఉన్నప్పుడు (అరవై ఒకటి మంచి వయసు కాదని ఎవరన్నారు?), సూరత్‌లో తెలుగు చర్చి ఒకటుందని ప్రపంచానికి చూపించినవాణ్ణి నేనే. బమ్రోలిలో చీరలు మడతపెట్టే కార్ఖానా పై అంతస్తులో, నలభై ప్లాస్టిక్ కుర్చీలతో నడిచే మా చర్చి మొదటి వీడియోను నా చేతులతో తీసి, నా వేలితో ఇంటర్నెట్‌కు ఎక్కించాను. ఐదు వేల మంది చూశారు. ఈ సంగతి పెళ్లిళ్లలో చెప్పాను, టీ బండ్ల దగ్గర చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు నా నోట్లో పనిముట్టు పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక కాస్త సవరించక తప్పదు. ఐదు వేలు కాదు, యాభై మూడు. అందులో ముప్పై సార్లు చూసింది నేనే. ఎక్కించిన వేలు కూడా నాది కాదు, మా కోడలిది.

అసలు ఆ చర్చి మా అత్తగారిది, అంటే నా భార్య తల్లిది. మా ఇంట్లో దేవుళ్ల పటాలే ఉండేవి. నేను మాత్రం ఆదివారం నాడు ఆడవాళ్ల వెంట వెళ్లి ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చునేవాణ్ణి. (చివర్లో ఇచ్చే చాయ్ కూడా బాగుండేది.) అత్తగారికి ఒక్కడే కొడుకు, నా బామ్మర్ది. ఊళ్లోనే ఖటోదరాలో మరమగ్గాల మీద పని. అక్కడ వారం సెలవు ఆదివారం కాదు, మగ్గాలకు వారానికోసారి కరెంటు ఆపే రోజున. అందుకని తల్లి పక్కన చర్చిలో కూర్చునే భాగ్యం అతనికి ఎప్పుడోగాని దొరికేది కాదు. ఆమె మాత్రం రోజూ పన్నెండు కాగానే కొడుక్కు ఫోన్ చేసేది. మగ్గాల మోతలో అతనికి ఒక్క ముక్క వినిపించేది కాదు. అయినా చేసేది, అతనూ ఎత్తేవాడు.

ఆమె పోయింది. అంత్యక్రియలకు మగ్గాల యజమాని సేఠ్ రెండు రోజులు సెలవిచ్చాడు. ఆదివారం పెట్టుకున్న జ్ఞాపకార్థ కూడికకు మాత్రం ఇయ్యనన్నాడు. బామ్మర్ది నా దగ్గరకు వచ్చి, తల వంచుకునే అన్నాడు. "బావా, అమ్మ ప్రార్థన నాకు ఫోన్ల చూపియ్యాలె. గంతే. ఇంకేం అడగ."

అప్పటిదాకా మా చర్చికి వీడియోలనేవే లేవు. అందుకని కూడికకు ముందటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య, నేను, కోడలు కూర్చుని వీడియో ఎక్కడ పెట్టాలన్న చర్చ మొదలుపెట్టాం. పాస్టరయ్యది పెద్ద మనసు. అందరూ వీడియోలు చూసే ఆ ఉచిత చోటే పెడదాం, లోకమంతా చూస్తుంది అన్నారు. నేనెందుకు ఊరుకుంటాను? మొబైల్ షాపువాడు నూరిపోసిన జ్ఞానమంతా బయటపెట్టాను. "అయ్యగారూ, అది కిరాయి ఇల్లు. నడుమ నడుమ ప్రకటనలొస్తయ్. ప్రార్థన నడుస్తుంటె మోకాళ్ల నూనె అమ్ముతడు. మనకు సొంత వెబ్‌సైటే కావాలె!"

మా కోడలు సూరత్‌లోనే పుట్టింది. ఆమె లెక్కలు గుజరాతీలో, కోపం హిందీలో, ప్రార్థన తెలుగులో. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తూ అందరి ఫోన్లూ బాగుచేసేది. నా ఉపన్యాసమంతా విని నెమ్మదిగా అడిగింది. "సొంత ఇల్లు కడ్తవ్ సరే మామా. గా ఇంటికి తొవ్వ ఎవరికి తెలుసు? చిన్నాయన ఫోన్ల అది తెరుసుకునేసరికి డేటా ఖతం." (నా బామ్మర్ది ఆమెకు వరసకు చిన్నాయన.) తరువాత పాస్టరయ్య వైపు తిరిగింది. "లోకమంతా చూసుడు గూడ వద్దు అయ్యగారూ. మన తాన ఇంట్ల చెప్పకుండ వచ్చేటోళ్లున్నరు. రేపు వాళ్ల మొకాలు అందరి ఫోన్లల్ల తిరిగితే?"

ఆ సంగతి పాస్టరయ్యకూ తట్టలేదు, నాకు సరే సరి.

చివరికి ఆమే తేల్చింది. వీడియో ఆ ఉచిత చోటే ఉంటుంది, కాని లింకు ఉన్నవాళ్లకే కనబడుతుంది. లింకు మా చర్చి గ్రూపులోనే పెట్టాలి. కెమెరా పాస్టరయ్యను దాటి కుర్చీల వైపు తిరగకూడదు. నేను ఆరు రోజులు షాపుల చుట్టూ తిరిగినా తేల్చలేనిది, ఆమె చీర మీద రాళ్లు అంటించినంత సులువుగా తేల్చేసింది.

అయినా మొదటి పరీక్ష వీడియో తీసే గౌరవం నాకే కావాలని పట్టుబట్టాను. ఖాళీ కుర్చీలు కూడా ఘనంగా కనిపించాలని హాలు చివర గోడకు ఆనుకుని తీసి బామ్మర్దికి పంపాను. జవాబు వెంటనే వచ్చింది. "బావా, చీమలు కనబడ్తున్నయ్. ఇండ్ల అయ్యగారు ఏ చీమ?"

కోడలు పడీపడీ నవ్వింది. నవ్వి, ఆలోచనలో పడింది. మగ్గాల షెడ్డులో మాట వినపడదు. అక్కడ మగ్గాలవాళ్లం పెదాలతో మాట్లాడుకుంటాం. గొంతు లేకుండా, నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అంటే ఎదుటివాడు పెదాలు చూసి తెలుసుకుంటాడు. ముప్పై ఐదేళ్లు మగ్గం నడిపిన నాకు ఆ సంగతి గుర్తు రాలేదు. ఏనాడూ షెడ్డు గడప తొక్కని పిల్లకు వచ్చింది. "చిన్నాయనకు శబ్దం అక్కర లేదు, మొకం కావాలె," అంది. పాస్టరయ్య మీసాల కేసి చూసి, "గీ మొకం కాదు," అని కూడా అంది.

కూడిక రోజున నన్ను ఫ్యాను స్విచ్చు దగ్గర నిలబెట్టారు. పాస్టరయ్య బైబిలు వాక్యం ముగించగానే కోడలు ఫోన్ పట్టుకుని నా భార్య ముఖానికి మూరెడు దూరంలో నిలబడింది. నా భార్య పదేళ్లు షెడ్డులో దారం కండెలు చుట్టిన మనిషి. ఫోన్‌లోకి చూస్తూ, గొంతు లేకుండా, పెదాలతో ఏదో అంది. పాపం పాస్టరయ్య, మైకు పోయిందనుకుని దాన్ని రెండుసార్లు తట్టారు. అర నిమిషం లేని ఆ ముక్కను కోడలు అప్పటికప్పుడే బామ్మర్దికి పంపించింది. పూర్తి కూడిక తరువాత లింకులోకి ఎక్కింది.

ఆ పెదాలు ఏమన్నాయో నాకు తెలుసు. "అమ్మ చివరిదాకా నీ పేరే తలుచుకుంది తమ్మీ" అన్నాయి. అక్కడ ఖటోదరాలో నా బామ్మర్ది ఎనిమిది మగ్గాలూ ఆపేసి, తలపాగా తీసి, షెడ్డు నడుమ నిలబడి ఏడ్చాడు. తోటివాళ్లంతా తలలు వంచారు.

ఇక్కడికి రాసి, మొన్న బామ్మర్ది సెలవు రోజున డుమస్ సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తింటూ అతనికి చదివి వినిపించాను. (నాకు చెవులు మందం, నా చదువు పక్క బండ్లవాళ్లకు కూడా వినబడింది.) వింటూ వింటూ అతను భజియా పక్కన పెట్టేశాడు. నా రాతకు కరిగిపోయాడనుకుని గొంతు ఇంకాస్త పెంచాను. అరవై ఎనిమిదేళ్లొచ్చినా మెప్పు కోసం ఎదురుచూసే ఆ ముసలాణ్ణి తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

"ఆపు బావా," అన్నాడు. "నువ్వు ఫ్యాను కాడ నిలబడ్డవ్. అక్క వీపు తప్ప నీకేం కనబడ్డది? నాకు తలపాగా ఏడిది? మగ్గాలు ఆపితే సేఠ్ ఊకుంటడా? అక్క అమ్మ పేరు గూడ తియ్యలే. పన్నెండైంది, గడియారం దిక్కు జూసింది, నా దిక్కు జూసి, 'తిన్నవారా?' అన్నది. గంతే. రాస్తే గట్ల రాయ్, లేకుంటే చింపెయ్."