మూడు పుట్టిళ్ల మామిడి

ఈ నెల మొదట్ల మా అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగింది, మళ్ల లేవలే. పలకరింపుకొచ్చినోళ్లంతా ‘మంచి చావు’ అన్నరు. చావుల మంచేందో నాకైతే తెల్వదు. ఇల్లు బోసిపోయింది, నాకు ఏడుపు ఆగుతలేదు.

కొత్తగూడెం అవతల మా ఇంటెనక చిన్న తోట. అండ్ల ఒక లేత మామిడి. మొదలు నాటుది, దానికి మూడు అంట్లు. ఇంటికి కోడలొస్తే ఆమె పుట్టింటి చెట్టు పుల్ల తెప్పించి అంటు కట్టుడు అత్తమ్మ పెట్టుకున్న రివాజు. ఒకటి తన పుట్టింటిదే. ఇంకోటి నేను అక్కా అని పిలిచే మా తోడికోడలిది. ఎర్రుపాలెం కాడి చిన్నరసం. ఆఖరుది నాది. మాది మణుగూరు అవతల అడవిల పూరిల్లు. నాయన తడిగుడ్డల చుట్టి తెచ్చిన పుల్లను చూసి “పొయ్యిలకా బాబాయ్?” అని అక్క నవ్వింది. నాయన గూడ నవ్విండు గని, నాకు పానం చివుక్కుమన్నది.

అక్క కొమ్మ ఏపుగ పెరిగి నా దాని మీద కమ్ముకున్నది. నాది నాలుగాకులేసి ముడుచుకున్నది. అది ఎండిపోతే ఈ ఇంట్ల నేను గూడ అతకనట్టేనని ఒకటే గుబులు.

ఒకనాడు అత్తమ్మ కత్తెర తీసింది. నా కొమ్మ తీసేస్తదేమోనని ఎంట ఉరికిన. ఆమె ముందుగాల తన కొమ్మనే సగానికి కోసింది. తర్వాత అక్కది. నా దానికి కత్తెర ఆననియ్యలే. కోసిన కాడల్లా పేడ పూసింది.

అక్క ఊకుంటదా! “ఏందత్తమ్మా, కాసే కొమ్మను కోసి ఎండుపుల్లను మేపుతవా? మా పుట్టింటోళ్లు నీకేం జేసిన్రు?”

“నీదానికి బలమున్నది బిడ్డా, మళ్ల ఇగురేస్తది. దాన్ని ముట్టుకుంటే సస్తది. అన్నిటికీ వేరొక్కటేనాయె. కడుపు నిండినోడు జర ఆగితేనే ఆకలైనోడి నోట్లెకు బుక్క పోతది.”

అక్క మూతి తిప్పుకుని పోయింది. చానా రోజులు చెట్టు దిక్కే చూడలే.

నన్నేదో గారాబం చేసిందనుకునేరు! పాలు పొంగిపోతే నాకు పడే తిట్లు నాకు పడేటివి. కానీ నా నోట మా ఊరి మాట జారి అక్క నవ్విందంటే, అత్తమ్మ ఆ మాటనే పొద్దంతా తను వాడేది. ఇగ ఎవరు నవ్వుతరు? మాడిన అన్నం ఎప్పుడూ తన కంచంలనే. అడిగితే “నాకదే ఇష్టం” అనేది. పచ్చి అబద్ధం.

ఏటా అట్లనే కోసేది గని, ఈ ఏడు ఆమె చేతులొణికి కత్తెర పట్టలే. అక్క కొమ్మ మళ్ల కమ్ముకున్నది. నీ కొమ్మ కొయ్యమని నేనెట్ల అడుగుత?

దినం అయ్యి చుట్టాలంతా పోయినంక తోటలకు పోతే, అక్క చెట్టు కింద కత్తెర పట్టుకుని నిలబడ్డది. కండ్లనిండ నీళ్లు.

“యాడికి కొయ్యాలె చెల్లె? ఆమె కోస్తుంటే ఒక్కనాడన్నా సక్కగ చూడకపోతి.”

చూపిద్దామంటే నాకు చెయ్యి లేవలే. అక్కనే తన కొమ్మను వంచి, కండ్లు తుడుచుకుని, కోసింది. నా కొమ్మకున్న ఎర్రటి లేతాకుల మీద ఎండ వచ్చి పడ్డది.