సంగయ్య గారు అనని మాట

జహీరాబాద్ మార్కెట్ ముందు నుంచి వెళ్తుంటే, లారీకెత్తుతున్న పచ్చి అల్లం వాసనకు నా కాళ్లు ఆగిపోతాయి. మట్టి విడవని ఆ ఘాటు సంగయ్య గారి చేతులది. ఎనభైల మొదట్లో మొగుడంపల్లి దగ్గరి ఒక ఊళ్లో నేను పంచాయతీ కార్యదర్శిని. ఆయన దళితవాడ వార్డు మెంబరు, అల్లం తవ్వే కూలీ. పంచాయతీ గదిలో మిగతా మెంబర్లకు కుర్చీలు, ఆయనకు నేల. ఆయన నేల మీద కూర్చునేవారు కాదు. "కాళ్లు గట్టిగనే ఉన్నయి పటేలా" అని సర్పంచితో నవ్వుతూ చెప్పి, సభ ముగిసేదాకా నిలబడేవారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి "ఏయ్ సంగా, జరుగు" అన్నాను. జరిగారు. జరిగి, నాకొక్కడికే వినబడేలా, "సంగయ్యా అంటే నోరేం అరిగిపోదు సారూ. మిమ్ముల సారూ అంటే నాదేమన్న అరిగిందా?" అన్నారు. సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచి బయట సంగయ్యా అనే పిలిచాను. సభలో, సర్పంచి పటేలు ఎదుట మాత్రం మళ్లీ సంగా అనేవాణ్ని.

ఒక ఎండాకాలం దళితవాడకు బోరింగు మంజూరైంది. దాన్ని తన ఇంటి ముందు వేయించుకోవాలని పటేలు తీర్మానం పెట్టాడు. సంగయ్య గారు చేతులు కట్టుకోలేదు, గొంతూ పెంచలేదు.

"పటేలా, మీకు బాయి ఉంది. మా ఆడోళ్లు వాగుల చెలిమెలు తోడుతున్నరు. మంజూరు కాగితం సార్ కాడుంది, జర చదవమనుండ్రి."

"నాకే ఎదురు మాట్లాడ్తవురా? ఏమయ్యా సెక్రటరీ, గీడు బూతులు తిట్టిండని రాయి" అన్నాడు పటేలు.

రాశాను. అసభ్యంగా మాట్లాడినందున సభ్యుణ్ని బయటికి పంపడమైనదని రాశాను. బోరింగు పటేలు వాకిట్లో పడింది.

కిందటి సభ తీర్మానాలు చదివాకే కొత్త సభ మొదలుపెట్టడం ఆనవాయితీ. తర్వాతి నెల నేను ఆ వాక్యం చదివేసరికి సంగయ్య గారు ఎదుటే ఉన్నారు. "నేనేం బూతు మాట్లాడిన్నో గది గూడ చదువుండ్రి సార్. ఇంట్ల మా బిడ్డ అడుగుతున్నది" అన్నారు. అప్పుడూ సారే. నేను పేజీ తిప్పాను.

ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా, ఎవరన్న మాట వాళ్లు అన్నట్టే రాశాను. బెదిరించినవాళ్లున్నారు, బదిలీ చేయించినవాళ్లున్నారు. అయినా రాశాను. ఆ పట్టుదల ఆయన పెట్టిన భిక్షే. దాంతో పాత తప్పు మాసిపోదు. ఆయన పోయాక ఆ తీర్మానాల పుస్తకంలో సవరణ రాస్తానని వెళ్తే, పాత రికార్డు ముట్టుకోకూడదన్నారు ఆఫీసువాళ్లు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సంగయ్య గారు ఆ సభలో ఒక్క బూతు మాటా అనలేదు. నీళ్లడిగారు. అబద్ధం రాసింది నేను. ఈ కాగితం తీసుకుని రేపు ఆయన బిడ్డ ఇంటికి వెళ్తాను. ఆమె తలుపు వేసినా సరే, బయటి నుంచే చదివి వస్తాను.