గాలి చొరని సీసాలు

మా అత్త పోయిన రోజు పొద్దున నేను ఆమె గది కడిగాను. తెల్లవారుతుండగా వాంతులు మొదలైనయ్యి. గుండె పట్టుకొని "ఊపిరాడట్లేదే" అంటుంటే, మా ఆయనా పక్కింటి బాబాయీ ఆమెను ఆటోలో పడుకోబెట్టుకొని గురజాల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆటోలో చోటు లేక నేను ఇంట్లోనే ఉండిపోయాను. చేతులు ఊరుకోవు కదా. గదంతా వాంతి. ఫినాయిల్ పోసి రుద్ది కడిగాను. గిన్నెలు తోమాను. ఆమె పక్కబట్టలు నానబెట్టాను. గదిలో ఏదో చెడువాసన వచ్చింది, వెల్లుల్లి కుళ్లినట్టు. రాత్రి చేపల పులుసు తాలూకు అనుకున్నా. తల తిరిగినట్టయితే వాకిట్లోకొచ్చి కూర్చున్నా. అప్పుడే ఫోనొచ్చింది, అత్త లేదని.

మా ఊరు గురజాలకూ మాచర్లకూ నడుమన ఉంటది. ఇల్లు మా మామ కట్టించింది. నాపరాళ్లు పేర్చి మధ్యలో మట్టి పెట్టిన గోడలు. అత్త గదికి అవతల పక్కనే కొట్టు, అందులో మా కందుల బస్తాలు. ఎండాకాలం కావటంతో మా ఆయనా నేనూ వాకిట్లో మంచాలేసుకొని పడుకునేవాళ్లం. అత్తకు దగ్గు. చల్లగాలి పడదని తలుపూ కిటికీ మూసుకొని లోపలే పడుకునేది.

ముందురోజు సాయంత్రం ఆమెకూ నాకూ గొడవైంది. సత్తెనపల్లిలో ఉన్న కూతురి దగ్గరికి పోతానంది. ఎండలు తగ్గినాక పోదువులే అన్నా. ఇద్దరం గొంతు పెంచాం. ఆమె వీధిలోకొచ్చి, "నీ చేతి కూడు తినేకంటే ఇంత మందు తాగి చావటం నయం!" అని అరిచింది. ఆ మాట వీధి వీధంతా విన్నది. ఆ తర్వాత గంటకే నేను వడ్డిస్తే తిన్నది, పులుసు బాగుందని కూడా అన్నది. అది మాత్రం ఎవరూ వినలేదు.

డాక్టరు విషంలాగుందని పోలీసులకు చెప్పాడంట. మధ్యాహ్నానికి మా వదిన, అంటే మా ఆయన అక్క, సత్తెనపల్లి నించి వచ్చింది. నేను ఎదురెళ్తే నా రెండు భుజాలూ పట్టుకొని ఊపింది.

"ఏం పెట్టావే మా అమ్మకి? ఏం కలిపావే?"

"వదినా, అందరం అదే తిన్నాం..."

"మరి గిన్నెలెందుకు కడిగావే? గదెందుకు కడిగావ్?"

చుట్టూ చూశాను. నన్ను చిన్నమ్మా, అక్కా అని పిలిచే ఆడవాళ్లంతా అరుగుల మీద నిలబడి ఉన్నారు. ఒక్కరూ నా కళ్లల్లోకి చూడలేదు. చేసిన పనికి భయపడటం ఒకటి. చెయ్యని పని చేసినట్టే కనపడుతున్నానని తెలిసినప్పుడు పుట్టే భయం వేరు.

ఎస్సై వచ్చాక నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. ఎవరినీ లోపలికి పోనియ్యలేదు. పెద్ద శిక్షలు పడే కేసుల్లో సైన్సు వాళ్లొచ్చి చూడాలని కొత్త చట్టమంట, వాళ్ల వ్యాను వచ్చిందాకా ఏదీ ముట్టుకోవద్దన్నారు. వాళ్లొచ్చి ఏదో మిషన్ పెడితే అందులో నా పేరు వస్తదేమోనని పిచ్చి ఊహ.

వ్యానులో నించి దిగింది ఒక ఆడమనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతులకు తొడుగులు, కాళ్లకు తొడుగులు, నడుముకు అగ్గిపెట్టెంత పరికరం. ఆమె వెంట ఒకతను మొదటినించి చివరిదాకా ఫోన్లో వీడియో తీస్తానే ఉన్నాడు. ఆమె నా దగ్గరికొచ్చి కింద కూర్చుంది.

"పొద్దున్నించి ఏమేం చేశావో వరసగా చెప్పమ్మా."

చెప్పాను. కడిగానని చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. "నాకు తెలవక కడిగాను మేడమ్."

"ఇంట్లో వాంతి అయితే ఎవరైనా కడుగుతారు. కడిగేటప్పుడు నీకేమన్నా అనిపించిందా?"

వాసన సంగతీ, తల తిరిగిన సంగతీ చెప్పాను. ఆమె మొహం మారింది. లేచి అత్త గదిలోకి వెళ్లింది. కొట్టు వైపు గోడ దగ్గర, పైన దూలం కింద నాపరాళ్ల మధ్య మట్టి రాలిపోయి సందులున్నయ్యి. ఆమె చెయ్యి ఎత్తి, గాలిని కొలిచే ఆ పరికరాన్ని అక్కడ పెట్టింది. అది కీచుమని అరవటం మొదలుపెట్టింది.

"అందరూ బయటికి! ఇంటికి దూరంగా పోండి!" అని కేకేసింది.

ఊరు ఊరంతా పరుగెత్తింది. ఏం జరుగుతుందో అర్థంగాక నేనూ పరుగెత్తాను. ఆమె మొహానికి ముసుగు తగిలించుకొని వచ్చింది.

"ఆ కొట్టు తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" అని ఎస్సై అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. కొట్టు తాళంచెవి ఎప్పుడూ నా బొడ్లోనే ఉంటది. తీసి ఇచ్చాను. ఇస్తుంటే గుర్తొచ్చింది, ముందురోజు మా ఆయన బస్తాలు చూసొస్తానని నా దగ్గర తాళంచెవి తీసుకొని, కాసేపటికి తెచ్చిచ్చాడు. ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. చెవుల దాకా తెల్లబడిపోయి ఉన్నాడు.

కొట్టు తెరిచి, గాలాడినాక చూస్తే బస్తాల మధ్య కాగితం పొట్లాలు, వాటిల్లో బూడిదలాంటి పొడి. ఒక మూల మూత తీసిన అల్యూమినియం గొట్టం. పప్పులకు పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలవి. గాలి తగిలితే విషపు ఆవిరి వదులుతయ్యి. మనుషులు పడుకునే ఇంట్లో అసలు పెట్టగూడదు. ఆ మేడమ్ గొట్టాన్ని రెండు చివర్లా పట్టుకొని కాగితం కవర్లో వేసి సీలు వేసింది. తర్వాత పక్కింటి గదిలోకి పోయి అక్కడి గాలి కూడా కొలిచింది. పరికరం కుక్కిన పేనులా ఉంది, చప్పుడు లేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, "పోస్టుమార్టం మొదలుపెట్టొద్దు డాక్టర్ గారూ, నేను సీసాలు పంపుతున్నా. గాలి చొరనివి. లోపలి భాగాలు తీసిన వెంటనే అందులో వేసి మూత బిగించాలి" అని చెప్పింది. మామూలు సీసాల్లో ఉప్పునీళ్లు పోసి పంపితే ఈ ఆవిరి దారిలోనే ఎగిరిపోద్దంట. ఏమీ దొరకలేదని కాగితం వస్తదంట. ఆ కాగితమొస్తే ఊరికి మిగిలేది నా చేపల పులుసే.

కానీ నా భయం తీరలేదు, ఇంకో వైపుకు తిరిగింది. తాళంచెవి నా బొడ్లో ఉంది. బిళ్లలు పెట్టింది నేనే అనుకున్నారు. గొడవపడ్డాను, పెట్టాను, పొద్దున్నే కడిగాను. వరస కుదిరింది. వదిన ఎస్సైతో, "పక్కా ప్లానుతో చేసింది సార్, తను మాత్రం వాకిట్లో పడుకుంది" అన్నది.

మా ఆయన మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడలేదు, దహనం చేసొచ్చినాక మాట్లాడలేదు, తర్వాత నన్ను స్టేషనుకు రమ్మంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బండి మీద ముందు కూర్చొని మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆయన ఏం చెప్తాడోనని భయం. నేనే చెప్దామంటే, మొగుణ్ని ఇరికించి తప్పించుకోజూస్తుందంటారని భయం. పైగా ఆయన కాదంటే? నా మాటకు సాక్ష్యం ఏంది? నరసరావుపేట హాస్టల్లో ఉన్న మా పాపకు ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసేదాన్ని. సెలవులకొస్తే ఆ పిల్ల నాయనమ్మ పక్కనే ఆ గదిలో పడుకుంటది. అది తలచుకున్నప్పుడల్లా మళ్లీ ఫోన్ చేసేదాన్ని.

ఒకరోజు ఇద్దరినీ వేలిముద్రలకు పిలిచారు. గొట్టం మీద ముద్రలు దొరికినయ్యంట. గాజుపలక మీద వేలు పెడితే కంప్యూటరులో పడతది. ముందు నన్ను పెట్టమన్నారు. పెట్టాను. పడలేదు. తుడిచి మళ్లీ పెట్టాను. పడలేదు. సీజనంతా మిరపకాయల తొడిమలు తీసీ తీసీ నా వేళ్లు అరిగిపోయి ఉన్నయ్యి.

"నీ వేళ్లకు గీతల్లేవేందమ్మా?" అన్నాడు కానిస్టేబులు. పక్కనున్న ఇంకొకతను, "ఏమన్నా పూసుకొచ్చావా?" అన్నాడు.

"లేదు సార్, లేదు సార్" అంటున్నా. వేలిని రెండో చేత్తో పట్టుకొని గాజు మీద అదుముతున్నా. మిషన్ ఎర్రలైటు చూపిస్తానే ఉంది. ఇక అయిపోయింది, ఈ మిషన్ కూడా నన్ను నమ్మలేదు అనుకున్నా.

అప్పుడు బల్ల మీద కూర్చున్న మా ఆయన, తల ఎత్తకుండానే అన్నాడు.

"దాన్ని వదిలెయ్యండి సార్. నేనే పెట్టా."

కందులకు పురుగు పడుతుంటే ఎవరో బిళ్లలు పెట్టమన్నారంట. తలుపు మూసి ఉంచితే చాలన్నారంట. గోడ సందుల సంగతి తోచలేదంట. పరికరం అరిచినప్పుడే అర్థమైందంట.

ఎస్సై నమ్మలేదు. "పెళ్లాన్ని కాపాడుకోటానికి చెప్తున్నావా?" అన్నాడు. మాట మీద వదిలేది లేదు, ల్యాబు రిపోర్టు రావాల్సిందేనన్నాడు. ఆ రిపోర్టు వచ్చిందాకా నేను మనిషిని కాను. కుక్క మొరిగినా జీపనుకునేదాన్ని. చివరికి వచ్చింది. గొట్టం మీద ఉన్నవి ఆయన వేలిముద్రలు మాత్రమే. అత్త లోపలి భాగాల్లో ఆ ఆవిరి దొరికింది. పులుసులో, అంట్ల తొట్టి నీళ్లల్లో, నానబెట్టిన బట్టల్లో ఏ పురుగుమందూ లేదు. వదిన ఆ సాయంత్రమే వచ్చింది. ఏం అనలేదు. వంటింట్లో కింద కూర్చొని, "అన్నం పెట్టవే" అంది. పెట్టాను. ఇద్దరం ఏడుస్తూనే తిన్నాం.

అజాగ్రత్తతో ప్రాణం పోవటానికి కారణమయ్యాడని మా ఆయన మీద కేసు నడిచింది. నన్నూ సాక్షిగా పిలిచారు. నా సాక్ష్యం అయిపోయినాక వెనక బల్ల మీద కూర్చున్నా. ఆ మేడమ్ బోనెక్కింది. మా ఆయన వకీలు లేచి అడిగాడు.

"మీ పరికరం తప్పు చూపించి ఉండకూడదా? అసలు చనిపోయింది గాలితోనే అని ఎట్టా చెప్తారు? ఆహారం వల్ల కావచ్చుగా?"

ఆయన్ను విడిపించాలంటే ఆ ఆవిరి లేదనాలి. ఆ ఆవిరి లేకపోతే మళ్లీ నా వంటే. వకీలుకు కట్టిన ఫీజు మా ఇంటి డబ్బే. మా ఆయన అక్కడే నిలబడి వింటున్నాడు.

మేడమ్ తొందరపడలేదు. "ఆ రోజు బయల్దేరేముందు పరికరాన్ని తెలిసిన గ్యాసు మీద పరీక్షించాను, దాని కాగితం దాఖలు చేశాం. అది వట్టిగా అరుస్తుందేమో చూడటానికి పక్కింట్లో కూడా కొలిచాను, అక్కడ ఏమీ లేదు. ల్యాబులో ఖాళీ సీసా కూడా పరీక్షించాం, అందులో లేదు. సీసాలోని భాగాలను రెండుసార్లు చూశాం, రెండుసార్లూ ఉంది. ఆహారంలో వెతికాం, లేదు" అన్నది. వకీలు ఇంకేదో అడిగాడు. ఆమె మళ్లీ అట్టాగే, ఒక్కోటి విడదీసి చెప్పింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకొని విన్నా. బల్ల అంచు పట్టుకున్న నా వేళ్లు ఆమె దిగినాక గాని ఊడిరాలేదు.

ఆయనకు శిక్ష పడింది. పైకోర్టులో అప్పీలు వేసుకొని బెయిలు మీద బయట ఉన్నాడు. నేను నరసరావుపేటలో పాప హాస్టలు దగ్గరే గది తీసుకున్నా, బట్టలు కుడుతున్నా. అప్పుడప్పుడు వస్తాడు. గడప బయట నిలబడి, "ఇంటికి ఎప్పుడొస్తావే?" అంటాడు.

మొన్న వచ్చినప్పుడు అడిగేశాను. "అన్ని రోజులు నన్ను అంటుంటే ఎందుకు నోరు తెరవలేదయ్యా?"

"భయమేసిందే" అన్నాడు.

అది నిజమేనని నాకు తెలుసు. ఆ భయం ఎట్టా ఉంటదో నా కంటే ఎవరికి తెలుసు. వాళ్లమ్మకు హాని చెయ్యాలని ఆయన అనుకోలేదు, నాకూ అనుకోలేదు. కానీ నేను జైలుకు పోయేట్టుంటే చూస్తా కూర్చున్నాడు. మిషన్ నా వేళ్లను మొదటిసారే చదివుంటే ఆయన అసలు మాట్లాడేవాడేనా అని అడగాలనుంది. ఆ ప్రశ్న అడగటానికి నాకింకా ధైర్యం చాలట్లేదు.