లీటరు బియ్యం బరువు

ఉదయం ఎనిమిదీ పదికి ల్యాప్‌టాప్ కెమెరా ఆన్ చేశాను. ఎనిమిదీ యాభైకల్లా పాతికేళ్ళ నా టీచరు పరువు పోయింది. పోగొట్టింది ఒక సీసాడు బియ్యం.

2020. షార్జా అల్ నహ్దాలో మా ఫ్లాటు. బళ్ళు మూతబడి పాఠాలన్నీ ఆన్‌లైన్. ఆరో తరగతికి మెట్రిక్ కొలతలు చెప్పాలి, అదీ పిల్లల చేత చేయించి చెప్పాలని సూపర్‌వైజర్ మేడమ్ ఆజ్ఞ. చేయించడంలో నన్ను మించినవాడు గల్ఫ్ మొత్తంలో లేడని నా నమ్మకం. "లీటరు సీసా నిండా బియ్యం పోసి, ఆ బియ్యాన్ని తూచి, బరువు రాయండి" అని ముందురోజే ప్రాజెక్టు ఇచ్చాను. అక్కడితో ఆగొచ్చుగా? మేధావిని కదా, కింద రాసిపెట్టాను: ఒక లీటరు = ఒక కిలో.

అది నీళ్ళకే చెల్లుతుందని మీకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసినవాడు తప్పు చేస్తే ఎంత ధీమాగా చేస్తాడో చూడండి.

ఆ ఉదయం మేడమ్ కూడా క్లాసులో ఉన్నారు. ముప్పై ఇద్దరిలో ముప్పై ఒక్కమంది వెయ్యి గ్రాములని రాశారు. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. నేను పెళ్ళికొడుకు తండ్రిలా పొంగిపోయాను. మిగిలింది అఫ్రీన్, నెల్లూరు పిల్ల. క్లాసు మొత్తంలో తెలుగు వచ్చింది ఆ ఒక్కదానికే. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, తిట్టడానికి నాకు తెలుగే వస్తుంది.

"ఎంత రాశావు?"

"ఎనిమిది వందల ముప్పై, సార్."

"త్రాసు పాడైందా, నీ కళ్ళు పాడయ్యాయా?"

"మూడుసార్లు తూచాను సార్. మా అమ్మీ కూడా చూసింది."

"ముప్పై ఒక్కమందీ తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా? ఖలాస్. సున్నా."

అది మామూలు సున్నా కాదు. ప్రాజెక్టుకు ఇరవై మార్కులు. లెక్కల్లో ఆ పిల్ల అప్పటికే అంచున ఉంది, ఇవి పోతే ఫెయిల్. తల వంచుకుంది. నేను గొంతు సవరించుకుని పాఠం సాగించాను.

అప్పుడు మా ఆవిడ సుజాత వంటింట్లోంచి వచ్చింది. లీటరు సీసాడు బియ్యం గిన్నెలో పోసి, కెమెరా ముందే త్రాసు మీద పెట్టింది. గిన్నె బరువు తీసేస్తే ఎనిమిది వందల నలభై.

"ఏమండీ, మీరు తూచారా?"

"క్లాసు జరుగుతోంది, లోపలికెళ్ళు."

"తూచారా అని అడుగుతున్నా. తూచిన పిల్లకు సున్నా, మీ రాత చూసి కాపీ కొట్టినవాళ్ళకు మార్కులా? సిగ్గు లేదూ?"

మ్యూట్ బటన్ కోసం వెతికాను. రోజూ కళ్ళెదుట ఉండేది, ఆ రోజు కనబడితేనా!

మేడమ్ మలయాళీ. "ఆవిడ ఏమంటున్నారు?" అని ఇంగ్లీషులో అడిగారు. నేను నోరు తెరిచేలోగా అఫ్రీన్ మాటకు మాట అనువాదం మొదలుపెట్టింది. చివర ఒక్క చోట మాత్రం ఆగి, ఎంతో మర్యాదగా నన్నే అడిగింది.

"సార్, 'సిగ్గు లేదూ' కూడా చెప్పనా?"

"చెప్పమ్మా" అంది సుజాత.

చెప్పింది. ముప్పై ఒక్కమందీ మైకులు ఆన్ చేసుకుని మరీ నవ్వారు. అఫ్రీన్‌కు ఇరవైకి ఇరవై వేశాను. మిగతావాళ్ళను నిజంగా తూచి రమ్మన్నాను.

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నేను తూచని వస్తువు బరువు ఈ జన్మలో ఏ పిల్లకూ చెప్పను.

సుజాత పోయి మూడేళ్ళయింది. నేను తప్పు చెబితే ఇప్పుడు ఇంట్లో ఎవరూ అడగడం లేదు.